ఆరోగ్యశ్రీ బీమా కంపెనీకి వెళ్తే నాన్న బైపాస్ సంగతేంటి?

మీరు రాసిన వివరాలు ఇవి. ఊరు ఉదయగిరి దగ్గర. నాన్నగారికి 71 ఏళ్లు, యాంజియోలో మూడు బ్లాకులు కనబడ్డాయి, నెల్లూరులో బైపాస్ చేయాలన్నారు. ఆరెకరాల మెట్ట ఉంది. అన్నకు నెలకు 32 వేల ప్రైవేటు ఉద్యోగం, కారు కొన్నాక రైసు కార్డు ఎగిరిపోయింది. ఆరోగ్యశ్రీలో కొంత భాగం బీమా కంపెనీకి అప్పగించాలన్న ప్రభుత్వ నిర్ణయం మీద ఒక పార్టీ వాళ్లు ‘బీమాకిస్తే ఆరోగ్యశ్రీ చచ్చినట్టే’ అంటున్నారు, ఇంకో పార్టీ వాళ్లు ‘ఇక రాష్ట్రంలో అందరికీ ఉచిత వైద్యం’ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, ఈలోపు ప్రైవేటు పాలసీ కొనేస్తే పోదా అని అడిగారు.

పాలసీ మాట ఒక్క ముక్కలో తేల్చేద్దాం. ఈ బైపాస్‌కు అది పనికిరాదు. ఉన్న జబ్బుకు కంపెనీలు 36 నెలల వరకు వెయిటింగ్ పెట్టుకోవచ్చు, పెడతాయి కూడా. యాంజియో రిపోర్టు దాచి తీసుకుంటే క్లెయిమూ పోతుంది, కట్టిన ప్రీమియమూ పోతుంది. ఇక ముందు నాన్నగారి పని చూద్దాం, పార్టీల గొడవ తర్వాత.

రైసు కార్డు పోతే ఆరోగ్యశ్రీ (ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్యసేవ) కూడా పోయినట్టేననే మాట మన జిల్లాల్లో బాగా నాటుకుపోయింది. నిజానికి రెండింటి కొలతలు వేరు. రైసు కార్డుకు ఆదాయం పల్లెలో నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, కరెంటు 300 యూనిట్లు, ఇవి హద్దులు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. మీ కార్డు పోయింది ఇక్కడే. ఆరోగ్యశ్రీకి 2019లో పెట్టిన కొలత చాలా పెద్దది: ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం, మాగాణి 12 ఎకరాలు, మెట్ట అయితే 35 ఎకరాల వరకు, సొంత కారు ఒకటి ఉన్నా ఫర్వాలేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసేవాళ్లు కూడా 5 లక్షల లోపు చూపితే అర్హులే. మీ అన్న జీతం ఏడాదికి 3,84,000. ఆరెకరాల మెట్ట లెక్కలోకే రాదు. కాబట్టి మీది అర్హత లేని కుటుంబం కాదు, పేరు ఎక్కించుకోని కుటుంబం.

పేరు ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి నాన్నగారి ఆధార్ నంబరు దగ్గర పెట్టుకొని 104కు ఫోన్ చేయండి. ఎక్కలేదంటే ఊరి సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి. అక్కడ పని ఆగేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, కుటుంబ మ్యాపింగ్: పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డ ఇంకా పుట్టింటి లెక్కలోనే ఉంటుంది, కొత్త కోడలు ఎక్కడా ఉండదు. రెండు, ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని గుర్తుపట్టడం: ముసలివాళ్ల వేలిముద్రలు అరిగిపోయి మిషను తీసుకోదు, అప్పుడు కనుపాపతోనో ఓటీపీతోనో చేయించాలి. ఓటీపీకి ఆధార్‌తో లింకైన ఫోను చేతిలో ఉండాలి, అది ఏ హైదరాబాదులోనో ఉన్న మనవడి దగ్గర ఉంటే ఆ రోజు పని అవదు. మూడు, ఆధార్‌లో ఒక పేరు, పట్టాదారు పాస్‌బుక్‌లో ఇంకో పేరు. ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డాక వీటి వెంట తిరగడం కష్టం. దరఖాస్తు రేపే పెట్టేయండి. పాత కార్డు ఇంట్లో ఉంటే దాని మీద ఏ ముఖ్యమంత్రి ఫొటో ఉందన్నది అనవసరం. ఆసుపత్రిలో చూసేది నంబరే.

నాన్నగారికి 70 దాటాయి కాబట్టి రెండో దారి కూడా తెరిచి ఉంది. 2024 అక్టోబరు 29న కేంద్రం మొదలుపెట్టిన ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆదాయంతో, రైసు కార్డుతో పని లేదు. 70 నిండిన ఎవరికైనా ఏడాదికి 5 లక్షలు. కుటుంబం ముందే ఆయుష్మాన్ భారత్‌లో ఉన్నా పెద్దాయనకు ఈ 5 లక్షలు విడిగా వస్తాయి, ఇంట్లో వాళ్లెవరూ పంచుకోలేరు. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ ఈకేవైసీతో తీసుకోవచ్చు. చిక్కల్లా వయసు ఆధార్ ప్రకారమే చూస్తారు. మన పల్లెల్లో పెద్దవాళ్లకు నోటి లెక్కన జనవరి 1 అని రాయించిన పుట్టిన తేదీలే ఎక్కువ. ఇంట్లో 71 అనుకుంటున్న మనిషి ఆధార్‌లో 68గా తేలడం మామూలే. ముందు అది చూసుకోండి. ఆసుపత్రి కూడా ఆయుష్మాన్ కింద నమోదై ఉండాలి, అదీ అడగండి.

ఇక ఆసుపత్రి. ‘మా దగ్గర ఆరోగ్యశ్రీ ఉంది’ అని బోర్డు ఉంటే చాలదు. నమోదు విభాగాల వారీగా ఉంటుంది. ఎముకల విభాగానికి పథకం ఉన్నచోట గుండె శస్త్రచికిత్సకు ఉండకపోవచ్చు. అడగాల్సిన ప్రశ్న ఇదీ: ‘గుండె బైపాస్‌కు మీకు పథకంలో నమోదు ఉందా, ఈ వారం కేసులు తీసుకుంటున్నారా?’ రెండో సగం మరిచిపోవద్దు. బకాయిలు పేరుకున్న రోజుల్లో నమోదు ఉన్నా ‘బెడ్లు లేవు’ అనే జవాబే వస్తుంది.

చేర్చే ముందే కౌంటరులో పథకం కింద అని చెప్పి, నేరుగా వైద్యమిత్ర (ఆసుపత్రిలో పథకం పనులు చూసే మనిషి) డెస్కుకు వెళ్లండి. నగదు పేషెంటుగా చేర్చి, రెండు రోజుల తర్వాత పథకంలోకి మార్చమంటే పడరాని పాట్లు పడాలి. అప్పటిదాకా కట్టిన డబ్బు తిరిగి రాదు, ఎందుకంటే ఇది నగదు రహిత పథకం, బిల్లులు పెట్టి వెనక్కి తీసుకునేది కాదు. వైద్యమిత్ర నమోదు చేశాక ఆసుపత్రి డాక్టరు రిపోర్టులు ఆన్‌లైన్లో పంపుతారు, పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు వైపు డాక్టర్లు చూసి అనుమతిస్తారు. దీన్నే అందరూ ప్రీ ఆథ్ అంటారు. బైపాస్‌కు యాంజియో సీడీ ఉండి తీరాలి. వేరే చోట యాంజియో చేయించి కాగితం మాత్రమే తెచ్చుకున్నవాళ్ల ఫైలు ఇక్కడే తిరిగొస్తుంది. సీడీ, ఎకో రిపోర్టు, ఈసీజీ, షుగరు, క్రియాటినిన్ రిపోర్టులు ఒకే ఫైలులో పెట్టుకోండి. అత్యవసరమైతే ఫోను మీద అనుమతి తీసుకొని ఆపరేషన్ చేసే వెసులుబాటు ఉంది. ‘అనుమతి రాలేదు, డబ్బు కడితే ఈ రాత్రికే చేస్తాం’ అంటే, ఫోన్ అనుమతి అడిగారా అని అడగండి.

రక్తం ఇచ్చే మనుషులను ముందే చూసుకోండి. ఊరి నుంచి నెల్లూరు దూరం, ఆపరేషన్ ముందు రోజు రాత్రి వెతుక్కుంటూ కూర్చోవద్దు.

ప్యాకేజీలో మంచం, డాక్టరు ఫీజు, మందులు, భోజనం, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు, ఇంటికి పోయే బస్సు చార్జీ అన్నీ కలిసే ఉంటాయి. బైపాస్ లాంటి వాటికి ఏడాది పాటు ఫాలోఅప్ ప్యాకేజీ కూడా ఉంది. సగం మంది అడగరు, అడగనివాళ్లకు ఎవరూ చెప్పరు. డబ్బు అడిగే తీరు మాత్రం ఒకటే: ‘ప్రభుత్వం నుంచి మాకు రావడం లేదు, మీరు కొంచెం సర్దండి’. ఆపరేషన్ రోజు పొద్దున గొడవకు దిగమని నేను చెప్పను, మనిషి బల్ల మీద ఉంటాడు. కట్టక తప్పకపోతే ఆసుపత్రి పేరు మీదున్న ఖాతాకే కట్టండి, ఎవరి సొంత ఫోన్‌పేకీ వద్దు. రసీదు తీసుకోండి. డిశ్చార్జి రోజు ‘ఉచితంగా వైద్యం అందింది, తృప్తిగా ఉంది’ అనే కాగితం మీద సంతకం అడుగుతారు. కట్టిన మొత్తం అందులో రాసి గానీ సంతకం పెట్టొద్దు. 104కూ, పథకం జిల్లా కోఆర్డినేటరుకూ ఫిర్యాదు డిశ్చార్జికి ముందే ఇవ్వండి. ఇంటికొచ్చాక ఇచ్చిన ఫిర్యాదుకు ఆసుపత్రి ఇచ్చే జవాబు మీరు సంతకం పెట్టిన ఆ కాగితమే.

ఇప్పుడు పార్టీల గొడవ. బీమా అంటే ఆరోగ్యశ్రీకి వ్యతిరేకం అన్న మాట చరిత్ర ముందు నిలబడదు. 2007 ఏప్రిల్ 1న రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకాన్ని మొదలుపెట్టిందే బీమా పద్ధతిలో, స్టార్ హెల్త్ కంపెనీతో. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది చాలకపోతే పైన 50 వేల బఫరు. 2008లో ఇంకొన్ని జబ్బులు చేర్చినప్పుడు వాటిని ట్రస్టే నేరుగా చూసింది. పోతే, 2014లో వచ్చిన తెలుగుదేశం ప్రభుత్వం ఎన్టీఆర్ వైద్యసేవ అని పేరు మార్చి, పరిమితి రెండున్నర లక్షలు చేసి, నడిపింది ట్రస్టు పద్ధతిలోనే. 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, వెయ్యి రూపాయలు దాటిన వైద్యానికల్లా వర్తింపు అన్నారు, 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు తెచ్చారు. 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు. ఈ రోజు ఎవరు ఏ పద్ధతిని తిడుతున్నారో, ఆ పద్ధతిలో వాళ్ల పెద్దలో వాళ్లో ఎప్పుడో ఒకప్పుడు పథకాన్ని నడిపినవాళ్లే.

2025 సెప్టెంబరు 4న కేబినెట్ ఒప్పుకున్నది హైబ్రిడ్ పద్ధతి. 1.63 కోట్ల కుటుంబాలకు రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ భరిస్తుంది. ఆ పైన 25 లక్షల దాకా 1.43 కోట్ల పేద కుటుంబాలకు ట్రస్టు భరిస్తుంది. అంటే ఇప్పటిదాకా ఏ పథకమూ అందని సుమారు 20 లక్షల కుటుంబాలకు మొదటిసారి రెండున్నర లక్షలు వస్తాయి. ఇది చిన్న సంగతి కాదు. నెల్లూరులో కిరాణా కొట్టు నడిపేవాడు, కావలిలో ట్యూషన్లు చెప్పేవాడు ఇన్నాళ్లూ ఎటూ కాకుండా పోయింది ఇక్కడే. ఈ పద్ధతి మన దగ్గరే పుట్టిందీ కాదు. మహారాష్ట్ర 2020లోనే లక్షన్నర దాకా బీమా, ఆ పైన ప్రభుత్వ భరోసా అని మొదలుపెట్టింది. కేరళ అదే ఏడాది ఎదురు దారి పట్టింది, బీమా కంపెనీని పక్కనబెట్టి సొంత ఏజెన్సీకి మార్చుకుంది. తమిళనాడు ప్రభుత్వరంగ బీమా కంపెనీతో చాలాకాలంగా నడుపుతోంది. మూడు చోట్లా వైద్యం అందుతోంది. కాబట్టి ‘బీమా అంటే అంతే సంగతులు’ అన్నది తప్పే, ‘బీమా వస్తే బకాయిలుండవు’ అన్నదీ తప్పే.

‘25 లక్షలు ఎక్కడికీ పోలేదు, ట్రస్టులోనే ఉంది’ అని ఒకరు, ‘25 లక్షలు మేమిచ్చాం’ అని ఇంకొకరు కొట్టుకుంటున్నారు గదా. ప్యాకేజీ ధరలు తెలిసినవాళ్లకు ఈ వాదన వింతగా ఉంటుంది. మీ నాన్నగారి బైపాస్ ప్యాకేజీ కూడా రెండున్నర లక్షల లోపే. కంటి శుక్లం, కాన్పు, విరిగిన ఎముక, స్టెంటు అన్నీ అంతే. 25 లక్షల మాట అవయవ మార్పిడికి, కొన్ని క్యాన్సర్లకు, నెలల తరబడి ఐసీయూలో ఉన్నవాళ్లకు అవసరం. వాళ్లకది ప్రాణం, కాదనను. కానీ కేసుల సంఖ్య చూస్తే హైబ్రిడ్ నడిచేచోట నూటికి తొంభైకి పైగా బీమా కంపెనీ బల్ల మీదుగానే పోవాలి. అందుకే చూడాల్సింది పరిమితిని కాదు, ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నది.

డబ్బు లెక్క ఉదాహరణకు వేసి చూద్దాం. కుటుంబానికి ఏడాది ప్రీమియం 2,000 అనుకుంటే 1.63 కోట్ల కుటుంబాలకు 3,260 కోట్లు. కంపెనీ నూటికి 85 క్లెయిములకిచ్చి 15 ఉంచుకుంటే దాని వాటా 489 కోట్లు. ఈ 489 కోట్లకు ప్రజలకు ఏం వచ్చిందన్నదే అసలు ప్రశ్న. దొంగ క్లెయిములు పట్టుకుంటే, ఆసుపత్రికి రెండు వారాల్లో డబ్బు వేస్తే అది వ్యర్థం కాదు. నిజమైన కేసుల్లో కొర్రీలు వేసి మిగిల్చుకుంటే శుద్ధ దండగ. ఏది జరుగుతుందో తేల్చేది పార్టీ కాదు, ఒప్పందంలోని నాలుగు షరతులు. క్లెయిములు తక్కువైతే మిగిలిన ప్రీమియం వెనక్కివ్వాలా? ఆయుష్మాన్ నమూనా ఒప్పందంలో ఆ షరతు ఉంది. క్లెయిము ఆలస్యమైతే వడ్డీ ఎవరు కట్టాలి? ప్రీ ఆథ్ తిరస్కరించే అధికారం కంపెనీ డాక్టరుదేనా, ట్రస్టు డాక్టరు తిరగదోడొచ్చా? ఇక నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ప్రభుత్వం ప్రీమియం వాయిదా ఎగ్గొడితే ఏమవుతుంది?

ఇది పంటల బీమా చూసిన రైతుకు వేరే చెప్పక్కర్లేదు. రాష్ట్రం తన వాటా కట్టకపోతే కంపెనీ పరిహారం ఆపేస్తుంది. ఇక్కడా అంతే. ట్రస్టు పద్ధతిలో బకాయి పడితే ఆసుపత్రి ముందు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, గొణుగుతుంది, తర్వాత సేవలు ఆపుతుంది. బీమా పద్ధతిలో వాయిదా తప్పితే ఓర్చుకునే ఆ మధ్యకాలం తగ్గిపోతుంది. బకాయిలు ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. ప్రైవేటు ఆసుపత్రుల సంఘం ‘ఆశా’ 2024 మేలో వైసీపీ ప్రభుత్వం ఉండగా సేవలు ఆపుతామంది, 2025 అక్టోబరులో కూటమి ప్రభుత్వం ఉండగా ఆపేసింది. ఆ రెండోసారి సంఘం చెప్పిన బకాయి సుమారు 2,700 కోట్లు. పథకం పేరు, ఫొటో, పరిమితి మారినా బడ్జెట్‌లో రాసిన మొత్తానికీ విడుదలైన మొత్తానికీ మధ్య సందు మారలేదు. ఇక ముందు ఎవరైనా సభలో పథకం గురించి చెబితే, పోయిన మూడు నెలల్లో ఎంత విడుదల చేశారో అడగండి. మిగతావన్నీ మైకు మాటలు.

హైబ్రిడ్‌లో ప్రత్యేకంగా చెడే చోటు ఒకటుంది, ఎవరూ మాట్లాడరు. కుటుంబం అదే ఏడాది ఒక ఆపరేషన్‌కు లక్షా ఎనభై వేలు వాడేసిందనుకోండి. తర్వాత లక్షా ఇరవై వేల ప్యాకేజీ వస్తే, మొదటి 70 వేలు బీమాది, మిగిలిన 50 వేలు ట్రస్టుది. రెండు జేబులు, రెండు అనుమతులు. ఒకటి వచ్చి రెండోది రాకపోతే ఆసుపత్రి కదలదు. కనిగిరి, పీసీపల్లి వైపు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోయేవాళ్లు ఏడాది మధ్యలో ఇలా గీత దాటొచ్చు. వాళ్లు డబ్బు ఎంత వాడారో వైద్యమిత్రను అడిగి నెలనెలా రాసిపెట్టుకోవాలి. గీత దగ్గరపడగానే రెండో అనుమతికి ముందే పెట్టించాలి.

సబ్సిడీ అంతా కార్డు మీదుగానే పోవాలా, ప్రభుత్వాసుపత్రుల మీద పెట్టకూడదా అన్న వామపక్షాల వాదనలో పస ఉందని నా అభిప్రాయం. అదే సెప్టెంబరు 4న మార్కాపురంతో కలిపి పది కొత్త వైద్య కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంలో పెట్టాలని నిర్ణయించారు, వైసీపీ దాని మీద కోటి సంతకాల ఉద్యమం చేసింది. పశ్చిమ ప్రకాశం మనిషికి ఆ కళాశాల ఎవరిదన్న దానికన్నా అక్కడ క్యాథ్ ల్యాబు (యాంజియో చేసి స్టెంటు వేసే గది), రాత్రి డ్యూటీలో గుండె డాక్టరు ఉంటారా లేదా అన్నదే తేడా. లేకపోతే కార్డులో ఎన్ని లక్షలున్నా గుండెపోటు వచ్చిన మనిషి ఒంగోలుకో గుంటూరుకో దారిలోనే ఉంటాడు.

చెన్నైకి తీసుకెళ్లాలనుకుంటే ఒక జాగ్రత్త. 2019 నవంబరు నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాదుల్లోని కొన్ని ఆసుపత్రుల్లోనూ పథకం వర్తించింది, కానీ అన్ని జబ్బులకూ కాదు, అప్పట్లో 716 చికిత్సలకే. రైలెక్కే ముందే ఆసుపత్రి పేరు, ఆపరేషన్ పేరు రెండూ చెప్పి 104లో ఖాయం చేసుకోండి.

చివరిగా ప్రైవేటు పాలసీ, మీ అన్న కోసం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. 20 వేల ప్రీమియానికి 3,600 మిగులుతుంది. కంపెనీ ద్వారా వచ్చే గ్రూపు పాలసీకి ఇది వర్తించదు. అన్న, వదిన, పిల్లలకు 5 లక్షల పాలసీ, దాని మీద సూపర్ టాప్ అప్ (ఆ 5 లక్షలు దాటిన ఖర్చుకు పనికొచ్చే అదనపు పాలసీ) చాలు. ప్రభుత్వ కార్డు ఉంది గదా అని బేస్ పాలసీ లేకుండా టాప్ అప్ ఒక్కటే కొనమని చెప్పే ఏజెంట్లున్నారు, వినకండి. పథకం జనరల్ వార్డులో ప్యాకేజీ ధరకు చేస్తుంది, పాలసీ మీద చేరితే బిల్లు వేరే లెక్క. ఒకదాని మీద ఒకటి అతుక్కోవు. నాన్నగారిని అదే ఫ్లోటరులో, అంటే ఇంట్లో అందరికీ కలిపి తీసుకున్న పాలసీలో, కలపొద్దు. ఫ్లోటరు ప్రీమియం ఇంట్లో పెద్ద వయసు మనిషిని బట్టి వేస్తారు, ఆయన పేరు చేరితే అందరి ప్రీమియమూ పెరుగుతుంది, పైగా ఆయన గుండెకు మూడేళ్లు ఏమీ రాదు. ప్రపోజల్ ఫారం ఏజెంటు చేత నింపించినా సంతకానికి ముందు జబ్బుల పేజీ అన్నే చదవాలి. నాన్నకు గుండె జబ్బు ఉన్న సంగతి కుటుంబ చరిత్ర గడిలో అడిగితే దాచకుండా రాయాలి.